అదురుకు ఆగిన సూది

పోయిన వారం డాక్టరు నన్ను కళ్ళు మూసుకోమని, నా కుడిచేతి వేళ్ళను ఒక్కొక్కటిగా గుండుసూదితో తాకుతూ "తెలుస్తోందా?" అని అడిగాడు. మంచి మార్కులు తెచ్చుకుందామన్న ఆశతో "బాగా తెలుస్తోంది" అన్నాను. "నేనింకా తాకలేదమ్మా" అన్నాడు. తరువాత నిజంగానే గుచ్చాడట. అప్పుడు నేను "మొదలుపెట్టండి మరి" అన్నానట.

తిమ్మిరి. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు ఎవరింటివో తెచ్చి నా చేతికి అతికించినట్టు ఉన్నాయి. పలకరిస్తే పలకవు. డాక్టరు మందులు రాసి, వేళ్ళకు చిన్న చిన్న పనులు చెబుతూ ఉండమన్నాడు. "కుట్లూ అల్లికలూ ఏమైనా వచ్చా?" అన్నాడు. ఏమని చెప్పను? పదేళ్ళ వయసులో నాలుగు కుట్లు వేసి ఒక మనిషిని చంపినంత పని చేసినదాన్ని. బయట బెంచీల మీద ఇంకా పదిహేనుమంది దగ్గుతున్నారు కదా అని "వచ్చు" అని మాత్రం అన్నాను.

ఇంటికొచ్చి బీరువా అడుగునుంచి మా మేనత్త దుప్పటి తీశాను. ఒకప్పుడు తెల్లది. ఇప్పుడు పాలెక్కువైన టీ రంగు. చుట్టూ తీగలు, తీగల మీద చిలుకలు. మూడు మూలలు పూర్తయ్యాయి. నాలుగో మూలలో సగం చిలుక, దాని రెక్కలో దారంతో సహా దిగబడి ఉన్న సూది. తుప్పుపట్టి గుడ్డకే అంటుకుపోయింది. దాన్ని కదపకుండా దుప్పటిని మంచం మీద పరిచాను. ఇలాంటప్పుడు పాత వాసనలన్నీ గుప్పుమని లేవాలి. నాకు నాఫ్తలీను ఉండల వాసన తప్ప ఇంకేదీ రాలేదు. చలి మాత్రం గుర్తొచ్చింది.

మా నాన్న క్యాసంబళ్ళిలో బడిపంతులు. తాను పాఠాలు చెప్పే బడిలోనే నన్ను చదివించే ధైర్యం ఆయనకు లేకపోయింది. అందుకని బంగారు గనుల ఊళ్ళో ఉన్న మా మేనత్త ఇంట్లో పెట్టాడు. మామకు గని సర్వే ఆఫీసులో ఉద్యోగం. వారానికి నాలుగు రోజులు తలకు దీపం తగిలించుకుని, కేజు అనే ఇనుప బోనులో భూమి లోపలికి దిగి, సొరంగం ఎంత పొడుగు పోయిందో, ఎటు వంకర తిరిగిందో కొలిచి వచ్చేవాడు. ఆయన దిగే లోతు గురించి నేను బడిలో ప్రచారం చేసిన లెక్క ప్రకారం, మా మామ మధ్యాహ్నం క్యారియరు భూమికి అవతలి పక్క గట్టు మీద కూర్చుని తినేవాడు.

ఆ ఊరి చలిని మీరు ఎరగరు. ధనుర్మాసం వచ్చిందంటే కొబ్బరినూనె సీసాను కుంపటి పక్కన కూర్చోబెట్టి బతిమాలాలి. తొట్టిలో నీళ్ళు ముట్టుకుంటే కరిచేవి. పొద్దున్నే నేను "అవ్వా" అని పిలిస్తే ఆ పిలుపు గాలిలో గడ్డకట్టి, పది గంటలకు ఎండ తగిలాక కరిగి అవ్వ చెవిన పడేది. గనిలోంచి తీసిన రాయిని పిండిచేసి, బంగారం కడిగేసుకుని, మిగిలినదాన్ని ఊరి చుట్టూ తెల్లటి కొండల్లా పోసేవాళ్ళు. సైనైడు దిబ్బలనేవాళ్ళం. వాటి మీదుగా వచ్చే గాలికి చలితోపాటు పిండిలాంటి దుమ్ము. తలుపులూ కిటికీలూ బిగించుకుని లోపల కూర్చోవడం తప్ప వేరే దారి లేదు.

ఆ ఏడు నాకు గవదబిళ్ళలు కూడా వచ్చాయి. చెంపలు ఎంత వాచాయంటే, గుమ్మం దాటాలంటే తల పక్కకు తిప్పి, ముందు ఒక చెంపను, తరువాత ఇంకో చెంపను పంపించాల్సి వచ్చేది. పదిహేను రోజులు బడి లేదు, వీధి లేదు. మెడ చుట్టూ మామ మఫ్లరు మూడు చుట్లు.

పగలంతా ఇంట్లో ముగ్గురం. అత్త, నేను, మా అవ్వ. అవ్వ అంటే నాన్నకూ అత్తకూ అమ్మ. నడింట్లో బొగ్గుల కుంపటి. దానికి ఒక పక్క అవ్వ నానబెట్టిన అనపగింజలను వేళ్ళతో పితికి, తోలు ఇటు, పప్పు అటు వేస్తూ ఉండేది. చలికాలమంతా ఆ ఇంట్లో పితికిపప్పు సారు, రాగిసంగటి. చన్నీళ్ళలో నాని నాని అవ్వ వేళ్ళు కూడా అనపగింజల్లాగే ముడతలు పడేవి. ఏదో ఒకరోజు కళ్ళు ఆనక తన వేలినే పితికి సారులో వేస్తుందని నాకు భయం.

కుంపటికి రెండో పక్క అత్త, గుడ్డను బిగించే గుండ్రటి కొయ్య ఫ్రేము, ఈ దుప్పటి.

దీని మీద బొమ్మ గీసింది మామ. నీలం పెన్సిలుతో, స్కేలు పెట్టి. సర్వే మనిషి కదా, ఆకులన్నీ ఒకే కొలత, తీగ మలుపు తిరిగితే దానికో లెక్క. అత్త మొదటిసారి చూసి, "ఇదేంది, తీగనా, సొరంగమా? దీంట్లో యాడ దిగల్ల, యాడ ఎక్కల్ల?" అంది.

"చిలకకాడ దిగి పువ్వుకాడ ఎక్కు" అన్నాడు మామ, నవ్వకుండా.

అత్త ఆరు పోగుల దారంలోంచి రెండు పోగులు విడదీసి, కొసను నాలుకతో తడిపి, సూదిలోకి ఎక్కించి, నడిమివేలికి ఇత్తడి టోపీ తొడుక్కుని కూర్చుంటే ఇక ఆ ఇంట్లో గడియారం కూడా సిగ్గుపడి మెల్లగా తిరిగేది. ఒక ఆకు మొదలుపెట్టి పూర్తిచేసేలోపల, నిజమైన చెట్టయితే ఆ ఆకు పండి రాలిపోయి కొత్తది చిగురించేది.

"బేగ కుట్టత్తా" అనేదాన్ని.

"బేగ కుట్టి యాడికి పోవల్ల? చలికాలం ఇంగా రెండు నెలలుండాది" అనేది.

నాకు ఒక బిరుసు జేబురుమాలు ఇచ్చి, "దీనిమీద గొలుసుకుట్టు నేర్చుకో. దుప్పటి జోలికొస్తివా, చెయ్యి ఇరుస్తాను" అంది. నా గొలుసుకుట్టు చూసి అవ్వ, "ఇది గొలుసా? దీన్తో కుక్కను కట్టేస్తే కుక్క నవ్వుకుంటా పోతాది" అంది. నా ప్రాణమంతా దుప్పటి మీదే ఉండేది. ఒక్క చిలుక, కనీసం ఒక చిలుక కన్ను.

ఆ వీధి ఆచారం ఒకటి ఇక్కడ చెప్పాలి. గని లోతు పెరిగేకొద్దీ పైనున్న కొండంత బరువు రాయి మీద పడుతుంది. ఉండి ఉండి అది పటేలుమని పగులుతుంది. దాన్ని బరస్టు అనేవాళ్ళు. పైన ఇళ్ళల్లో మాకు తెలిసేది ఒక అదురు. గూట్లో గిన్నెలు గలగలమంటాయి, కిటికీ అద్దం జిల్లుమంటుంది. ఆ క్షణంలో కుడుతున్న చెయ్యి అదిరి కుట్టు వంకరపోతుంది. ఇంటి మనిషి గనిలో ఉంటే, ఆ సూదిని అక్కడే, ఆ వంకరలోనే వదిలేయాలి. తీయకూడదు. సరిచేయకూడదు. మనిషి పైకి వచ్చి, ఇల్లు చేరి, తన చేత్తో ఆ సూదిని లాగాలి. ఆ తరువాతే మిగతా కుట్టు. వంకర మాత్రం అలాగే ఉండిపోవాలి. మా వరుసలో పద్నాలుగు ఇళ్ళు. ఆ పద్నాలుగు ఇళ్ళ దిండుగలీబుల మీదా ప్రతి పువ్వూ తుమ్ముతూ ఫొటో దిగినట్టు ఉండేది.

"సూది తీసేస్తే ఏమైతాదవ్వా?" అని అడిగాను ఒకసారి.

"చెప్పేదానికి, తీసినోళ్ళు ఎవురూ లేరు" అంది అవ్వ.

ఆ రోజు అత్త మూడో మూలలో చిలుక మెడ కుడుతోంది. అన్నాలు తిని కూర్చున్నాం. నేల కింద ఎవరో పెద్ద బీరువా ఈడ్చినట్టయింది. గిన్నెలు గలగలమన్నాయి. అవ్వ చాటలోంచి రెండు అనపగింజలు ఎగిరి ఆమె కొప్పులోనే పడ్డాయి. అత్త చెయ్యి అదిరింది. పచ్చదారం చిలుక మెడకు అడ్డంగా కత్తిగాటులా పడింది.

అత్త ఫ్రేమును సూదితో సహా పీట మీద పెట్టి, కొంగు చెవులకు చుట్టుకుని వాకిట్లోకి వెళ్ళి నిలబడింది. మిగతా పదమూడు వాకిళ్ళలోనూ అంతే. ప్రమాదం జరిగితే గని సైరను మోగుతుంది. మోగలేదు. అయినా మూడు గంటలకు షిఫ్టు ముగిసేదాకా ఆ ఆడవాళ్ళెవరూ లోపలికి రారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోరు కూడా.

లోపల అవ్వ కుంపటి వెచ్చదనానికి కునుకు తీసింది. వేళ్ళు మాత్రం నిద్రలోనూ గింజలు పితుకుతూనే ఉన్నాయి. ఇక మిగిలింది నేనూ, మెడ తెగిన చిలుకా.

కన్ను ఇంకా కుట్టకపోయినా చిలుక నావైపు చూసింది. ప్రమాణపూర్తిగా చెబుతున్నాను, చూసింది. పాపం అనిపించింది. ఆ ఒక్క వంకర కుట్టును వెనక్కి లాగి, తిన్నగా వేసి, సూదిని మళ్ళీ ఉన్నచోటే గుచ్చేస్తే ఎవరికి తెలుస్తుంది? ఒక్క కుట్టే అనుకున్నాను. ఒకటి వేశాక దాని పక్కది పిలిచింది.

దుప్పటి గుడ్డ నా జేబురుమాలు లాంటిది కాదు. సూది నీళ్ళలోకి దిగినట్టు దిగేది, దారం వెనకాల సన్నగా సర్రుమంటూ వచ్చేది. కుంపటి సెగ ఒక చెంపకే తగులుతోంది. పచ్చ పక్కన పచ్చ, పోగును ఆనుకుని పోగు. కాసేపటికి చలి లేదు, గవదబిళ్ళలు లేవు, నేనూ లేను. చిలుక మెడ ఒక్కటే కొంచెం కొంచెంగా నిండుతోంది. నా జీవితంలో అంత సుఖంగా కూర్చున్న గంట ఇంకొకటి లేదు. నేను రాసే ప్రతి మాటనూ పదింతలు చేసి రాస్తానని నాకు తెలుసు. ఈ మాటను చెయ్యలేదు.

షిఫ్టు ముగిసింది. వీధిలో బూట్ల చప్పుడు, దగ్గులు, తలుపుల చప్పుడు. ఒక్కో వాకిలే ఖాళీ అవుతోంది. కిటికీ సందులోంచి ఎదురింటాయన గొంతు వినిపించింది.

"ఏమక్కా, మీ ఇంటాయన ఇంగా రాలేదా?"

"రాలేదప్పా. నువ్వు చూసినావా?" అంది అత్త.

"పొద్దున దిగేటప్పుడు చూసినాను. ఎక్కేటప్పుడు మా కేజులో లేడే." బూట్లు దులుపుకున్న చప్పుడు. "ఇంగో కేజులో వస్తాడులే. నువ్వు లోపలికి పో తల్లీ, శానా చలిగా ఉండాది."

నేను నా చెయ్యి చూసుకున్నాను. సూది నా చేతిలో ఉంది. చిలుక మెడ నున్నగా, అందంగా, గాటు ఎక్కడా లేకుండా ఉంది.

భయపడ్డానని రాయాలి. భయపడలేదు. ఏమీ అనిపించలేదు. పాదాల దగ్గర మొదలై, మోకాళ్ళు, నడుము, మెడ, ఒక్కొక్కటే మొద్దుబారుతూ వచ్చాయి. చెంపల నొప్పి కూడా పోయింది. మామను చంపేశాను అనే మాట వినిపిస్తోంది, పక్కింట్లో ఎవరో ఎవరితోనో అంటున్నట్టుగా.

చెయ్యగలిగింది ఒక్కటే. కుట్టిందంతా విప్పి, ఆ వంకరను మళ్ళీ వేసి, సూదిని అందులో గుచ్చాలి. విప్పడం అయింది. వంకర వేయడం అంత సులభం అనుకుంటున్నారా? మొదటిసారి వేస్తే ఆకులా వచ్చింది. రెండోది పువ్వు కాడలా వంపు తిరిగింది. మూడోసారి కళ్ళు మూసుకుని వేశాను, అది అన్నిటికన్నా తిన్నగా వచ్చింది. నాలుగోసారి నన్ను నేనే అదిరించుకుందామని తలను గోడకేసి కొట్టుకున్నాను. వాచిన చెంప అడ్డం వచ్చి తల గోడదాకా పోలేదు.

"ఎవురది?" అంది అవ్వ నిద్రలోనే.

"గాలవ్వా."

"తలుపెయ్యి."

వేళ్ళు కొయ్యబారాయి. సూదిని పట్టుకున్నానో లేదో చూసుకుంటే తప్ప తెలియదు. ఏడోసారికి చిలుక మెడకు అడ్డంగా ఒక గాటు పడింది. అచ్చం అత్త గాటులాగే ఉందనుకున్నాను. సూదిని అందులో గుచ్చి, ఫ్రేమును పీట మీద పెట్టి, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

వెలుతురు తగ్గింది. అత్త ఒకసారి లోపలికి వచ్చి దేవుడి దగ్గర దీపం పెట్టింది. పీట వైపు చూడలేదు, నావైపూ చూడలేదు. ఆమె చేతిలో ఒక ఖాళీ చెంబు ఉంది. ఎందుకు పట్టుకుందో ఆమెకూ తెలియదు.

"కొలతలకు నిలబెట్టింటారులే. అదిరినప్పుడంతా అంతే గదా" అంది అవ్వ.

"ఊ" అని అత్త మళ్ళీ వాకిట్లోకి వెళ్ళింది.

వీధి దీపాలు వెలిగిన చాలాసేపటికి గేటు చప్పుడైంది. మామ బూట్లు. ఆ బూట్ల చప్పుడును నేను వందమంది బూట్లలో గుర్తుపడతాను, ఎడమది కొంచెం ఈడుస్తుంది.

"సొరంగం ఎంత కుంగిందో కొలిస్తే గాని ఎక్కొద్దనిరి" అంటూ వచ్చాడు. "కొలిచే గొలుసు పట్టే మనిషికి చలిజరం. ఆ కొసా నేనే, ఈ కొసా నేనే. రెండు చేతులుంటే సాలదమ్మా ఆ పనికి." తల మీద, కనుబొమల మీద రాతిపొడి. ముసలివాడిలా ఉన్నాడు.

అత్త చెంబును కింద పెట్టి, పీట మీదనుంచి ఫ్రేము తీసి ఆయనకు అందించింది. మామ చేతులు చొక్కాకు తుడుచుకుని, సూదిని పట్టుకోబోయి, ఆగాడు. బొటనవేలితో ఆ వంకరను ఒకసారి తడిమాడు. దీపం దగ్గరికి జరిపి చూశాడు. మఫ్లరులో మునిగి ఉన్న నన్ను చూశాడు. నేను కుంపటిని చూశాను.

"ఈపొద్దు వంకర కూడా కొలతకే వచ్చిందే" అన్నాడు. సూది లాగేశాడు.

"లాగినావా?" అంది అత్త.

"లాగినాను."

"కాళ్ళు కడుక్కో. సంగటి చల్లారిపోతాది."

అంతే. ఎవరూ ఏడవలేదు, ఎవరూ నవ్వలేదు. వాచిన చెంపలతోనే నేను రెండు ముద్దలు తిన్నాను. పితికిపప్పు సారు రుచి ఆ పూట ఎలా ఉందో చెప్పమంటే చెప్పలేను. నోట్లో ఏదో వెచ్చగా ఉందని మాత్రం తెలిసింది.

నాలుగైదు రోజులకు వాపు తీసింది, మర్నాడు బడికి పోవాలి. అత్త ఆ మూలను నా ఒళ్ళో పరిచింది.

"మెడకాడ కుట్టింది నువ్వే గదా?"

తల ఊపాను. "ఎట్ల తెలిసె అత్తా?" అన్నాను.

"దొంగ వంకర తెలిసిపోతాదే. శానా అందంగా ఉంటాది. నిజంగా చెయ్యదిరితే అంత అందంగా అదరదు."

"మరి ఎవురికీ చెప్పలేదే?"

"ఎవురికి చెప్పల్ల? మీ మామ వచ్చినాడు గదా." దారం కొస నాలుకతో తడిపి, సూదిలోకి ఎక్కించి, నావైపు చూడకుండా అంది. "నువ్వు తీసినా వచ్చినాడు."

నాకు గుండెల మీదనుంచి బండ దిగింది. "అయితే ఇంగ సూది వదిలే పనే లేదు గదత్తా?"

"నోర్ముయ్యి. లేదని నేనెప్పుడు చెప్తిని? కుట్టు."

జేబురుమాలు కాదు. దుప్పటి కొసే చేతికిచ్చింది. ఆ మూలలో చిలుక కన్ను నేను కుట్టిందే.

తరువాత వచ్చిన అదురుకు అత్త ఎప్పటిలాగే సూదిని వంకరలో వదిలేసి, వాకిట్లోకి వెళ్ళి నిలబడింది. దాంతో ఏ మనిషీ పైకి రాడని, దాన్ని తీస్తే ఏ మనిషీ ఆగడని ఆమెకు ఇప్పుడు తెలుసు. నాకూ తెలుసు. మామకు ముందునుంచే తెలుసు. అయినా ఆయన ప్రతిసారీ చేతులు తుడుచుకుని, పీట మీద కూర్చుని, పెళ్ళిలో మంగళసూత్రం కట్టినంత శ్రద్ధగా సూది లాగేవాడు. నేను అదురు వచ్చినప్పుడల్లా చేతులు తొడల కింద పెట్టుకునేదాన్ని.

గని మూతపడింది. నేల అదరడం మానేసింది. ఆండర్సన్‌పేట ఆటోలు గుంతల్లో పడితే తప్ప ఆ ఊళ్ళో ఇప్పుడు గిన్నెలు మోగవు. అత్తా మామా ముళబాగిలుకు మారారు. మామ ప్రాణం గనిలో పోలేదు. ఒక చలికాలం పొద్దున పేపరు తెస్తానని బస్టాండుకు నడిచి వెళ్ళాడు. అక్కడే బెంచీ మీద కూర్చున్నాడు, అంతే. కబురు వచ్చేసరికి అత్త ఇంట్లో ఈ నాలుగో మూల తీసి కుడుతోంది. సూదిని అక్కడే వదిలి వాకిట్లోకి వెళ్ళిందట.

మూడో రోజు నేను వెళ్ళినప్పుడు చూశాను. చివరి కుట్టు తిన్నగా ఉంది. ఏ అదురూ రాలేదు కదా.

"ఇది నువ్వు పెట్టుకో. సూది మాత్రం తీయొద్దు" అంది అత్త.

"తీయనత్తా."

"నీ మాట నమ్మల్లనా నేను?" అంది. ఆ మూడు రోజుల్లో ఆమె నవ్వింది అప్పుడేనని తరువాత చెప్పారు.

అత్త కూడా పోయి చాలా కాలమైంది.

డాక్టరు చెప్పాడు కాబట్టి నిన్న మధ్యాహ్నం కొత్త సూది, పచ్చదారం తీసుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. సూదిలోకి దారం ఎక్కించడానికి పట్టిన సమయంలో బంగారు గని ఇంకొకటి తవ్వవచ్చు. తుప్పు సూదికి జానెడు దూరంలో మామ నీలం పెన్సిలుతో గీసిన ఆకు ఒకటి ఖాళీగా ఉంది. అక్కడ మొదలుపెట్టాను. సూదిని పట్టుకున్నానో లేదో చూసుకుంటే తప్ప తెలియడం లేదు. రెండుసార్లు వేలిలో దిగింది. గుడ్డ మీద ఎర్రచుక్క పడితే గాని తెలియలేదు.

పొద్దువాలేదాకా పది కుట్లు వేశాను. నేల కదల్లేదు, గిన్నెలు మోగలేదు. పదీ వంకరే. కళ్ళద్దాలు పెట్టుకుని దగ్గరగా చూశాను. ఒక్కటి కూడా అందంగా లేదు. అత్త చూసుంటే వీటిని దొంగవి అనేది కాదు.